బిల్లు దగ్గర అందరూ నవ్వు మొహమే నొక్కుతున్నారు, మరి మళ్ళీ ఎందుకు రావట్లేదు?

ఒంగోలు ట్రంకు రోడ్డులో నాన్నగారి చీరల షోరూం చూసుకుంటున్న ఒక తమ్ముడు రాసి అడిగింది ఇదీ. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ట్యాబ్‌లో నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం పెడితే దాదాపు అందరూ నవ్వు మొహమే నొక్కుతున్నారు. కానీ ఒక పెళ్ళికి చీరలు కొన్న కుటుంబమే ఇంట్లో తర్వాతి పెళ్ళికి చీరాలకో బెజవాడకో వెళ్ళిపోతోంది. ఇప్పుడొక కంపెనీ వాళ్ళు వచ్చి, కౌంటర్ పైన కెమెరా పెడతాం, కస్టమర్ ముఖం చదివి 'నిజమైన సంతృప్తి' ఎంత శాతమో చెబుతాం, కావాలంటే చేతికి బ్యాండ్ కట్టి గుండె వేగం, చెమట కూడా కొలుస్తాం అంటున్నారట. కొనొచ్చా, ఇది నిజంగా పనిచేస్తుందా అని ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తా. కెమెరా వద్దు. బ్యాండ్ సంగతి వేరు, దాని వెనక నూరేళ్ళకు పైబడిన శాస్త్రం ఉంది, సరిగ్గా వాడితే పనికొస్తుంది, కానీ వాళ్ళు చెప్పే 'సంతృప్తి శాతం' మాత్రం దాంట్లోంచి రాదు, ఏ యంత్రంలోంచీ రాదు. నేను చెన్నైలోనూ బెంగళూరులోనూ సబ్బులకీ బిస్కెట్లకీ టీవీ యాడ్లకీ జనం ఒళ్ళు ఎలా స్పందిస్తుందో కొలిచే ల్యాబుల్లో చాలా ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో ఉంటూ షాపుల వాళ్ళకు ఇదే పని చేసిపెడుతున్నా. ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ డబ్బులు దండగో కాస్త వివరంగా రాస్తాను, పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

మీ ట్యాబ్ సంగతి ముందు. బిల్లు కట్టి సంచి అందుకుంటున్న మనిషికి ఎదురుగా క్యాషియర్ నిలబడి 'నొక్కండి మేడం' అంటుంటే ఏడుపు మొహం ఎవరు నొక్కుతారు? మన వైపు మొహమాటం ఇంకాస్త ఎక్కువ, భోజనాల్లో కూర ఉప్పగా ఉన్నా 'బాగుండాదిలేమ్మా' అని లేచి చెయ్యి కడుక్కునే మనుషులం. పైగా ఆ ట్యాబ్ దాకా వచ్చేది కొన్నవాళ్ళే. 'ఒక రౌండ్ వేసొస్తాం' అని మెట్లు దిగిపోయినవాళ్ళు దేన్నీ నొక్కలేదు కదా, మీకు కావలసిన సమాచారంలో సగానికి సగం వాళ్ళతోపాటే రోడ్డెక్కేసింది.

పోనీ మొహమాటం లేకుండా అడిగినా ఇంకో చిక్కుంది. ఏది ఎందుకు నచ్చిందో మనిషికి తనకే సరిగ్గా తెలియదు. రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు 1977లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం చెప్పారు, బట్టల వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. షాపులో బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు వరసగా పెట్టి వీటిలో నాణ్యమైనది ఏదో చెప్పండి అన్నారు. కుడి చివర ఉన్నదాన్ని ఎంచుకున్నవాళ్ళు మిగతావాటికంటే చాలా ఎక్కువ. నిజానికి నాలుగూ ఒకటే రకం, తేడానే లేదు. ఎందుకు ఎంచుకున్నారని అడిగితే వరసలో అది ఉన్న చోటు సంగతి ఒక్కరూ చెప్పలేదు, అందువల్లనేమో అని గుచ్చి అడిగినా దాదాపు అందరూ కొట్టిపారేశారు. మీ కౌంటర్ మీద ముప్ఫై చీరలు పరిచాక ఆఖర్న తెరిచిన చీర అమ్ముడుపోయిందనుకోండి, 'అంచు బాగుందండీ' అనే జవాబు ఎంతవరకు నమ్మాలో దీన్ని బట్టి చూసుకోండి. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు, తనకు తోచిన కారణం నిజాయితీగానే చెబుతోంది.

అందుకే నోటిని కాకుండా ఒంటిని అడుగుదామన్న ఆలోచన వచ్చింది. అరచేతుల్లో, అరికాళ్ళలో చెమట గ్రంథులు బాగా దట్టంగా ఉంటాయి. వాటిని నడిపేది సింపథెటిక్ నాడీ వ్యవస్థ, అంటే భయమేసినా, ఆశ్చర్యం కలిగినా, ఆశ పుట్టినా ఒంటిని సిద్ధం చేసే విభాగం. అది మన అదుపులో ఉండదు. పరీక్ష పేపరు చేతికిస్తుంటే అరచేయి తడిసేది దానివల్లే. రెండు వేళ్ళకు చిన్న ఎలక్ట్రోడ్లు పెట్టి, మనకు తెలియనంత తక్కువ కరెంటు పంపితే, చెమట నాళాలు నిండేకొద్దీ చర్మం ఆ కరెంటును ఎక్కువగా పోనిస్తుంది. ఆ తేడాను మైక్రోసీమెన్స్ అనే ప్రమాణంలో కొలిచి, తెర మీద గీతగా చూస్తారు. 1888లో ఫ్రాన్సులో ఫెరే అనే వైద్యుడు దీని గురించి రాశాడు, ఆ తర్వాత స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ ఒక్కో మాట చదివి వినిపిస్తూ ఏ మాటకు రోగి చెయ్యి స్పందిస్తుందో చూశాడు. పోలీసుల లై డిటెక్టర్‌లో కొలిచే వాటిలో ఇదీ ఒకటి. మనసుకు ఏదైనా తగిలిన ఒకటి నుంచి మూడు సెకన్ల తర్వాత గీత లేస్తుంది, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. గీత లేచిన చోట కాకుండా రెండు మూడు సెకన్లు వెనక్కి వెళ్ళి అక్కడ ఏం జరిగిందో వెతకాలి, కొత్తగా చేసేవాళ్ళు మొదట పొరబడేది ఇక్కడే.

ఇప్పుడు అసలు విషయం. ఆ గీత 'ఏదో తగిలింది' అని చెబుతుంది, అంతే. సంతోషం తగిలిందా, చిరాకు తగిలిందా అన్నది దానికి తెలియదు.

నెల్లూరులో ఒక షాపులో కస్టమర్ల అనుమతి తీసుకుని చేసిన రికార్డింగు ఒకటి చెబుతా. కూతురి పెళ్లి చీరలకు వచ్చిన తల్లి. ఎడమ చేతి చూపుడు వేలికీ మధ్య వేలికీ ఎలక్ట్రోడ్లు, ఆ చెయ్యి ఒళ్ళో చిన్న దిండు మీద, కుడి చెయ్యి చీరలు పట్టి చూసుకోవడానికి ఖాళీ. సేల్స్‌మ్యాన్ ఒక్కో చీర విదిలించి తెల్ల పరుపు మీద పరుస్తున్నాడు. మొదటి ఐదారు చీరలకు గీత మీద చిన్న చిన్న గుట్టలు లేచాయి, ఆ తర్వాత అవీ పల్చబడ్డాయి, చూసిందే చూస్తుంటే ఒళ్ళు అలవాటు పడిపోతుంది, ఇది మామూలే. వంగపండు రంగు మీద మామిడి పిందెల అంచు ఉన్న కంచి పట్టు తెరిచేసరికి మాత్రం గీత నిటారుగా లేచింది. కంపెనీల సాఫ్ట్‌వేర్ అయితే అక్కడ పచ్చ రంగు వేసి 'అమితానందం' అని రాసేసేది. తర్వాత ఆ వీడియో ముక్క చూపించి ఇక్కడ ఏమనుకున్నారమ్మా అని అడిగితే, 'ఆ రంగు వద్దని మా వియ్యపురాలు ముందే చెప్పింది, చెప్పాక కూడా ఈ అబ్బాయి అదే తీశాడే, మా మాట వినిపించుకోట్లేదే అనుకున్నా' అంది. ఆవిడ చివరికి కొన్న చీర తెరిచినప్పుడు గీతలో చెప్పుకోదగ్గ కదలికే లేదు. ఆ చీరకు గుట్ట లేచింది రేటు చీటీ తిప్పి చూసినప్పుడు, అనుకున్నదాని కన్నా తక్కువ ఉందని.

ఒకే ఎత్తు గుట్టలు రెండు, ఒకటి కోపం, ఒకటి సంబరం. ఆ తల్లిని అడక్కుండా గీత మాత్రమే చూసి ఉంటే ఆ వంగపండు రంగు చీర ఇంకో యాభై తెప్పించమని మీకు సలహా వచ్చేది. కానీ గీత లేకపోయినా నష్టమే, ఎందుకంటే చివర్లో 'ఎలా ఉంది మా షాపు' అని అడిగితే ఆవిడ ఆ సంగతి చెప్పేది కాదు, అప్పటికి మర్చిపోయింది కూడా. గీత వల్ల ఎక్కడ అడగాలో తెలిసింది, ఏం జరిగిందో ఆవిడ నోటివెంటే వచ్చింది. ఈ పనిలో నేను నమ్మే పద్ధతి ఇదొక్కటే. ఒంటి స్పందనను జవాబుగా తీసుకోకూడదు, ప్రశ్న ఎక్కడ వెయ్యాలో చూపించే గుర్తుగా తీసుకోవాలి.

మిగతా కొలతల గురించి కూడా అడిగారు. గుండె వేగం సంగతి తొందరగా చెప్పేస్తా. గుండె లయలో తేడాలు లెక్క కట్టాలంటే మామూలుగా ఐదు నిమిషాల ప్రశాంతమైన రికార్డింగు కావాలి, చీరలు తిరగేస్తూ మాట్లాడుతూ లేచి అద్దం దగ్గరికి వెళ్ళే మనిషి నుంచి అది రాదు. చేతి గాజులు బ్యాండుకు కొట్టుకుంటుంటే వచ్చే సిగ్నల్‌లో సగం చెత్త. బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని అణిచిపెడతాయి, పెళ్లి చీరలకు వచ్చే పెద్దవాళ్ళలో ఆ మాత్రలు వేసుకునేవాళ్ళు తక్కువేం కాదు. మీ షాపుకు ఇది అక్కర్లేదు, వదిలేయండి.

కంటిపాప కథ మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఆ కంపెనీల ప్రెజెంటేషన్లలో ఇది తప్పకుండా ఉంటుంది. చికాగోలో ఎకార్డ్ హెస్ అనే సైకాలజిస్టు 1960లో ఆసక్తి ఉన్న బొమ్మ చూస్తే కంటిపాప విచ్చుకుంటుందని రాశాడు. నాలుగేళ్ళకే ఆయనే మనసులో లెక్కలు చేస్తున్నా విచ్చుకుంటుందని చూపించాడు. అంటే ఇష్టపడినా, బుర్ర పెట్టి ఆలోచిస్తున్నా ఒకటే గుర్తు. పదిహేను వేల చీర మీద పది శాతం తగ్గింపు ఎంతో లెక్కేసుకుంటున్న మనిషి కంటిపాప కూడా విచ్చుకుంటుంది! పైగా ఈ మార్పు సాధారణంగా అర మిల్లీమీటరు లోపే, వెలుతురు మారితే వచ్చే మార్పు దానికి ఎన్నో రెట్లు. ముదురు నీలం చీర మీద నుంచి క్రీమ్ రంగు చీర మీదికి చూపు తిప్పినా, పైన ఫోకస్ లైటు కింద జరీ తళుక్కుమన్నా పాప చిన్నదైపోతుంది. చీరల షాపులో కంటిపాప కొలిచి ఇష్టం చెబుతామనేవాళ్ళు ఏనాడూ చీరల షాపులో పరికరం పెట్టి చూసి ఉండరు. చూపు ఎటు వెళ్ళింది, ఎంతసేపు ఆగింది అని గమనించే ఐ ట్రాకింగ్ వేరు, ర్యాకుల అమరికకు అది బాగా పనికొస్తుంది, కానీ మీ ప్రశ్న అది కాదు.

ఇక ముఖం. ముఖ కండరాలకు ఎలక్ట్రోడ్లు అంటించి కొలిచే పద్ధతి ల్యాబులో మంచిదే. బుగ్గ దగ్గర కండరం నవ్వుకు, కనుబొమ్మల మధ్య కండరం చిట్లింపుకు స్పందిస్తుంది, కంటికి కనిపించనంత చిన్న కదలిక కూడా దొరుకుతుంది, ఇష్టమా అయిష్టమా అన్నది చెప్పడంలో చర్మం కన్నా ఇది మెరుగు. కానీ బుగ్గలకూ నుదుటికీ తీగలు అంటించుకుని ఎవరూ చీరలు కొనరు. ఆ పనే కెమెరా చేస్తుందని మీకు చెబుతున్నారు. చెయ్యదు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరి నలుగురు శాస్త్రవేత్తలు కలిసి ఈ రంగంలో వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి 2019లో ఒక పెద్ద సమీక్ష రాశారు, ముఖ కదలికలను మాత్రమే చూసి లోపలి భావాన్ని నమ్మకంగా చెప్పలేమని తేల్చారు. కోపం వచ్చినవాళ్ళు ప్రతిసారీ మొహం చిట్లించరు, మొహం చిట్లించినవాళ్ళంతా కోపంలో ఉండరు. 2022లో మైక్రోసాఫ్ట్ తన ముఖ గుర్తింపు సేవలోంచి భావాలు అంచనా వేసే భాగాన్ని తీసేస్తున్నామని ప్రకటించింది. అంత పెద్ద కంపెనీ ఇది మాకొద్దు అని పక్కన పెట్టినదాన్ని మీకు ఒంగోలులో అమ్ముతున్నారు.

చీరల కౌంటర్ దగ్గర కూర్చుని చూస్తే కారణం మీకే అర్థమవుతుంది. జరీ అంచు దారాలు పరీక్షగా చూస్తున్న ఆవిడ కనుబొమ్మలు ముడిపడే ఉంటాయి, అది శ్రద్ధ, కెమెరా దాన్ని అసంతృప్తి అంటుంది. ముప్ఫై చీరలు తీయించి ఏదీ కొనని కుటుంబం లేచేటప్పుడు సేల్స్‌మ్యాన్‌ని చూసి నిండుగా నవ్వుతుంది, అది శ్రమ పెట్టామే అన్న ఇబ్బంది, కెమెరా దాన్ని ఆనందం అంటుంది. ఇంకా ముఖ్యమైనది, బాగా నచ్చిన చీర దగ్గర మన ఆడవాళ్ళు కావాలనే మొహంలో ఏమీ కనిపించనివ్వరు, కనిపిస్తే రేటు తగ్గించరని. పశువుల సంతలో పక్కవాడికి తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం తేల్చుకున్న జనం మనం. ఫిక్సెడ్ రేట్ అని బోర్డు పెట్టినా ఆ అలవాటు ఎక్కడికీ పోదు. ముఖం అంటే లోపలిది బయటికి కారిపోయే చోటు కాదు, ఎదుటివాళ్ళకు ఏం చూపించాలో ఎంచుకుని చూపించే చోటు.

మీ అసలు సమస్య ఎక్కడుందో నా అనుమానం ఒకటి చెబుతా. సైకాలజిస్టు డానియల్ కానెమన్ బృందం 1993లో చేసిన ప్రయోగం ఇది. మనుషుల చేత ఒకసారి 14 డిగ్రీల చన్నీళ్ళలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్లు, ఆపైన మరో 30 సెకన్లు, ఆ ఆఖరి భాగంలో నీళ్ళను నెమ్మదిగా 15 డిగ్రీలకు తెచ్చారు. అంటే రెండోసారి బాధ మొదటిదంతా ఉంది, ఇంకాస్త అదనంగా కూడా ఉంది. ఏది మళ్ళీ చేస్తారు అని అడిగితే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. ఎంతసేపు బాధపడ్డాం అన్నది జ్ఞాపకంలో పెద్దగా నిలవదు, బాగా తీవ్రంగా ఉన్న క్షణం, ముగిసిన తీరు, ఈ రెండే నిలుస్తాయి.

పెళ్లి చీరల కొనుగోలు ఎలా ముగుస్తుందో ఒకసారి మీరే కళ్ళముందు తెచ్చుకోండి. మూడు నాలుగు గంటలు పరుపు మీద కూర్చుని ముహూర్తం చీర, తలంబ్రాల చీర, పెట్టుబడి చీరలు అన్నీ తేల్చుకుంటారు. అంతసేపు మీవాళ్ళు కూల్‌డ్రింకులు ఇస్తారు, అమ్మా అక్కా అని పిలుస్తారు. బిల్లు రాయించే సరికి సీన్ మారిపోతుంది. చీరలు ఒక చోట, బిల్లు ఇంకో చోట, డబ్బు మరో చోట, డెలివరీ కింద. ఒక చీర ట్యాగ్ స్కాన్ కాదు. 'ఒక్క నిమిషం మేడం' అని ఒక కుర్రాడు పైకి పరిగెడతాడు. ఫాల్, పికో ఎప్పుడిస్తారో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి చెబుతారు. పిల్లలు నిద్రకొచ్చి ఏడుస్తుంటారు, కారు రోడ్డు మీద పెట్టి వచ్చిన మగమనిషి ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు. నేను చేసిన రికార్డింగుల్లో చర్మం గీత ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తులో నిలబడిపోయింది చీరల దగ్గర కాదు, ఇక్కడ. చీరల దగ్గర గీత లేచి దిగుతుంది. బిల్లు దగ్గర లేచి, దిగకుండా, మెల్లగా ఇంకా పైకి పోతుంది. అలా పోతున్న సమయంలోనే మీరు ట్యాబ్ చూపించి నవ్వు మొహం నొక్కమంటున్నారు, వాళ్ళు బయటపడితే చాలని నొక్కేస్తున్నారు. చీరాల వెళ్తే రేటు తక్కువ అని వాళ్ళు చెప్పే కారణం కూడా నిజమే కావచ్చు, కానీ మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఆ రేటు తేడా ఉంది కదా.

ఇది మీ షాపులోనూ నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. చర్మ స్పందన కొలిచే మంచి పరికరం ఒకటి అద్దెకు దొరికితే చాలు, కొనక్కర్లేదు. పదిహేను ఇరవై మంది కస్టమర్లను, అదీ ముందే పరిచయం ఉన్న కుటుంబాలను అడిగి ఒప్పించండి, బదులుగా ఫాల్ పికో ఉచితం అనండి, ఏదో ఒక మర్యాద చేయండి. రాగానే చేతులు మామూలు నీళ్ళతో కడిగించి ఆరనివ్వండి. పరికరం పెట్టాక ఐదు నిమిషాలు ఏమీ చూపించకుండా కూర్చోబెట్టండి, ఆ మనిషి మామూలు స్థాయి ఎంతో తెలియాలి. పక్కన ఒక వీడియో, ముఖాల కోసం కాదు, కౌంటర్ మీద ఏం జరుగుతోందో టైముతో సహా తెలియడం కోసం. ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి చీర తెరిచిన టైము, రేటు చీటీ చూసిన టైము, ఎవరైనా దగ్గినా నవ్వినా పెద్దగా ఊపిరి తీసుకున్నా ఆ టైము రాయించండి, ఎందుకంటే దగ్గుకూ గట్టి నిట్టూర్పుకూ కూడా గీత లేస్తుంది. అయిపోయాక వెంటనే, అదే రోజు, గీత బాగా లేచిన నాలుగైదు చోట్ల వీడియో చూపించి 'ఇక్కడ ఏమనిపించింది' అని మాత్రమే అడగండి. నచ్చిందా అని అడగొద్దు, నచ్చిందా అంటే నచ్చిందనే అంటారు.

ఒకరి గీతను ఇంకొకరి గీతతో పోల్చొద్దు. కొందరికి చర్మం చిన్నదానికీ పెద్దదానికీ ఎగిరెగిరి పడుతుంది, కొందరికి దాదాపు రానే రాదు, అది ఒంటి తత్వం. ఒకే మనిషిలో చీరల దగ్గర ఎంత, బిల్లు దగ్గర ఎంత అని చూడాలి. అలాగే బిల్లింగ్ మార్చక ముందు కొందరిలో, మార్చాక కొందరిలో ఈ తేడా ఎంతుందో చూడాలి.

మన ఎండల సంగతి కూడా చెప్పకపోతే ఈ పని పాడైపోతుంది. విదేశీ పరికరాలతో వచ్చే సూచనల పుస్తకంలో ఇది పైపైన ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒంటిగంటకు బజారులోంచి లోపలికొచ్చిన మనిషి చెయ్యి ఎలా ఉంటుందో మనకు తెలుసు, ఆ చెమటకూ మనసుకూ సంబంధం లేదు. ఏసీలో కనీసం పావుగంట కూర్చున్నాకే మొదలుపెట్టాలి, మధ్యలో కరెంటు పోయి జనరేటర్ మీద ఏసీ ఆగిపోతే ఆ రికార్డింగు పక్కన పడేయాలి. నేనైతే ఉదయం పదకొండు లోపు, లేదా దీపాలు పెట్టాక చేస్తాను. గోరింటాకు దట్టంగా పెట్టుకున్న వేళ్ళ మీద వచ్చే రీడింగ్ నేను లెక్కలోకి తీసుకోను. వచ్చేముందు గట్టి కాఫీ తాగారేమో కూడా అడుగుతాను.

అనుమతి గురించి గట్టిగా చెబుతున్నా, దీన్ని చిన్నచూపు చూడొద్దు. బ్యాండ్ అయితే కస్టమర్‌కు తెలిసే కడతాం. కెమెరా చెప్పకుండా చూస్తుంది, నాకు దాని మీద అసలు అభ్యంతరం అక్కడే. లై డిటెక్టర్, నార్కో పరీక్షలు మనిషి ఒప్పుకోకుండా చేయడానికి వీల్లేదని 2010లో సెల్వీ కేసులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది, అదీ నేరం ఆరోపణ ఉన్నవాళ్ళ విషయంలో. చీర కొనడానికి వచ్చిన ఆడమనిషి లోపల ఏమనుకుంటోందో ఆవిడకు చెప్పకుండా తవ్వి తీసే హక్కు మనకెక్కడిది? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి అంటే స్వేచ్ఛగా, ఫలానా పనికి అని స్పష్టంగా తెలిసి ఇచ్చినదై ఉండాలంటోంది, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల ప్రవర్తన మీద నిఘాను వద్దంటోంది. మీ కౌంటర్ ముందు పిల్లలు లేని కుటుంబం ఉంటుందా? దొంగతనాల కోసం సీసీ కెమెరా పెట్టడం వేరు, అదే బొమ్మలోంచి భావాలు తీయడం వేరు. ఇంకోటి, ఆ కెమెరా మీ సేల్స్‌మ్యాన్ల ముఖాలు కూడా రోజంతా చదువుతుంది. పనిచేసే చోట మనుషుల భావాలు పసిగట్టే ఏఐని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది, వైద్యం, భద్రత కోసమైతే తప్ప. రోజుకు పదిగంటలు నిలబడి నవ్వే కుర్రాడి నవ్వుకు మార్కులు వేసి జీతం కోసే రోజు మీ షాపులో రాకూడదని కోరుకుంటున్నా.

పరికరం దొరకలేదు, అంత తీరిక లేదు అనుకుంటే, కంటితో చూడగలిగేవి కొన్ని ఉన్నాయి, ఇవీ ఒళ్ళు తెలియకుండా చేసేవే. పక్కన పెట్టేసిన చీర మీదికి చెయ్యి మళ్ళీ వెళ్ళిందా? ఇది నేను చూసినవాటిలో చాలా నమ్మదగిన గుర్తు, నోటితో వద్దంటూనే వేళ్ళు ఆ కొంగును సవరిస్తుంటాయి. అద్దం ముందు భుజం మీద వేసుకున్న చీర తీసేశాక రెండోసారి అద్దం వైపు చూశారా? కూర్చున్నవాళ్ళు ఎప్పుడు వెనక్కి వాలారు, ఎప్పుడు చేతిసంచి ఒళ్ళోకి లాక్కున్నారు? ఆఖరి చీర మడతపెట్టిన టైముకీ, సంచి చేతికొచ్చిన టైముకీ మధ్య ఎన్ని నిమిషాలు? ఆ చివరిది మాత్రం రోజూ రాయండి, ప్రతి బిల్లుకూ. చేతులు కట్టుకుంటే కోపం, కాళ్ళు అటు తిప్పితే వెళ్ళిపోతారు లాంటి యూట్యూబ్ సూత్రాలు మాత్రం పట్టించుకోవద్దు, ఏసీ చలికి కూడా చేతులు కట్టుకుంటారు. చూసినవన్నీ కొన్ని నెలల తర్వాత ఆ కుటుంబం మళ్ళీ వచ్చిందా, ఇంకొకరిని పంపిందా అన్నదానితో సరిచూడండి. మళ్ళీ రావడాన్ని ముందుగా పసిగట్టలేని కొలత ఎంత ఖరీదైనదైనా మీకు అనవసరం.

కంపెనీ వాళ్ళు మళ్ళీ వస్తే మూడే అడగండి. మీ మెషిన్ కోపాన్నీ సంబరాన్నీ ఎలా విడదీస్తుంది? మా ప్రాంతం మనుషుల మీద, చీరల కౌంటర్ లాంటి చోట పరీక్షించారా, ఆ వివరాలు చూపిస్తారా? ఆ వీడియోలు ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు? మూడింటికీ కాగితం మీద జవాబిస్తే అప్పుడు మాట్లాడదాం, నేనే చదివి చెబుతా.

ఈలోగా ఒక పని. ఆ ట్యాబ్‌ను బిల్లు దగ్గర నుంచి తీసేసి, వారం తర్వాత ఒక ఆడమనిషి చేత ఫోన్ చేయించండి, 'మా షాపులో ఎక్కడ విసుగొచ్చిందమ్మా' అని ఒక్క ప్రశ్న. ఇంకా మీరు రాయనిది ఒకటుంది, బిల్లింగ్ ఏ అంతస్తులో ఉంది, శ్రావణమాసం రద్దీలో ఎన్ని కౌంటర్లు తెరుస్తారు, డెలివరీ దగ్గర కూర్చోవడానికి కుర్చీలున్నాయా? అది రాయండి, పరికరం ముందు ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టి చెబుతా.